పురుగుల తొట్టి దీపం

గుమ్మలపాడు సగ్గుబియ్యం మిల్లులో పనిచేసే నూకరాజు ఎంత బరువు పనికైనా వెనకాడేవాడు కాదు గానీ, ‘నాకు తెలియదు’ అన్న మాటా ‘తప్పు నాదే’ అన్న మాటా నోటివెంట రావాలంటే మాత్రం చచ్చేంత భయపడేవాడు.

బావిలో చేద జారిపోతే తాడు పుచ్చిందనేవాడు. ఒకసారి దుంపల లారీ డ్రైవరు దారి అడిగితే, తెలియకపోయినా ధీమాగా చెయ్యి చాపి చూపించాడు. ఆ లారీ వెళ్ళి చెరుకుతోటలో దిగబడింది. మిల్లు మిల్లంతా తాళ్ళు కట్టి లాగుతుంటే నూకరాజు కూడా ఒక తాడు పట్టుకుని, డ్రైవరుకి చూపు ఆననట్టుందని తేల్చేశాడు. ఊళ్ళోవాళ్ళు దీన్ని గర్వం అనుకునేవారు. గర్వం కాదు, వట్టి భయం. తనకి తెలియదని బయటపడిన రోజున తనని ఎవరూ మనిషిగా లెక్క చెయ్యరని అతని భయం.

ఆ మిల్లులో కర్రపెండలం దుంపలు కడిగి, తురిమి, పిండి తీసి, సగ్గుబియ్యం చేసేవారు. కర్రపెండలం ఉడికితే కమ్మగా ఉంటుంది గానీ, దాని పచ్చి రసంలో విషం ఉంటుంది. ఒకప్పుడు దుంపలు కడిగిన నీళ్ళన్నీ తిన్నగా మిల్లు వెనక ఉన్న కుంటలోకి వదిలేసేవారు. మూడేళ్ళ క్రితం ఆ నీళ్ళు తాగి నూకరాజు అక్క దేవుడమ్మ మేకలు ఐదు చచ్చిపోయాయి. దేవుడమ్మ ఏడవలేదు. ఐదింటినీ రిక్షా బండి మీద తెచ్చి మిల్లు గేటు ముందు వరసగా పడుకోబెట్టి, వాటి పక్కనే కూర్చుంది. రెండు రోజులు లేవలేదు. ఊరంతా వచ్చి ఆమె వెనక నిలబడింది. మిల్లు మూతపడే పరిస్థితి వచ్చింది.

అప్పుడు యజమాని వరదరాజులు కాకినాడ నుంచి హిమబిందు అనే ఇంజినీరును పిలిపించాడు. ఆమె మిల్లుకీ కుంటకీ మధ్య ఆరు మూత తొట్లు కట్టించింది. ఒక్కో తొట్టిలో సీసాలు కడిగే బ్రష్షుల్లాంటి పెద్ద పెద్ద బొగ్గు బ్రష్షులు దించింది. తొట్లలో కంటికి కనిపించని సూక్ష్మజీవుల్ని పెంచింది. అవి మురికినీళ్ళలోని మురికిని తింటాయి, విషాన్ని విరిచేస్తాయి, తింటూ తింటూ కాస్త కరెంటు కూడా పుట్టిస్తాయి. ఆ కరెంటు బొగ్గు బ్రష్షుల్లోంచి తీగెల్లోకి, తీగెల్లోంచి గోడ పక్క స్తంభం మీద పెట్టిన చిన్న పచ్చదీపంలోకి వెళ్తుంది. ఊళ్ళోవాళ్ళకి సూక్ష్మజీవులనే మాట నోరు తిరగలేదు. దానికి పురుగుల తొట్టి అని పేరు పెట్టేశారు.

మొదటి రోజున హిమబిందు మిల్లువాళ్ళనీ ఊరివాళ్ళనీ కూర్చోబెట్టి అన్నీ వివరించింది. ఈ దీపానికి మిల్లు కరెంటు ఉండదని, లోపల జీవులు బతికి మురికి తింటున్నంతసేపే వెలుగుతుందని చెప్పింది. వెలుగు మిణుగురంతే ఉంటుందని, అంతకంటే ఎక్కువ ఆశించవద్దని చెప్పింది. దీపం వెలుగుతుంటే కుంటలో పశువుల్ని దింపవచ్చు. దీపం ఆరితే ముందు తొట్ల నీళ్ళు కుంటలోకి వదిలే తూము మూసెయ్యాలి, మిల్లు ఆపించాలి, తనకి ఫోన్ చెయ్యాలి. ఆ మాటలూ తన ఫోన్ నంబరూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది కూడా. బ్రష్షులకి పట్టే జిగటే ఆ జీవుల ఇల్లు అని, దాన్ని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది.

దేవుడమ్మ లేచి మూడు ప్రశ్నలు అడిగింది. తొట్లు చూసుకోవలసిన నూకరాజు ఒక్కటీ అడగలేదు. అతనికి సగమే అర్థమైంది. అందరి ముందూ మళ్ళీ చెప్పమని అడగడానికి మొహం చెల్లక, హిమబిందు ఏమన్నా తల ఊపుతూ కూర్చున్నాడు.

రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. కుంటలో చేపపిల్లలు తిరగసాగాయి. నూకరాజు పిఠాపురం సంతకి వెళ్ళి నుదుటిమీద తెల్లచుక్క ఉన్న చూడి గేదెపెయ్యను కొని, దారంతా నడిపించుకుని తెచ్చి అక్క చేతికిచ్చాడు. దానికి చుక్కమ్మ అని పేరు పెట్టారు. అది ఈని పాడికొచ్చింది. దాని పాల మీద దేవుడమ్మ ఇంకో రెండింటిని, ఒక కొమ్ముల గేదెనీ ఇంకా ఈనని పడ్డనీ, సంపాదించుకుంది. ప్రతి పొద్దున మూడింటినీ తోలుకొచ్చి, గోడ అవతల నిలబడి, దీపం కేసి ఒకసారి చూసి కుంటలోకి దింపేది. తమ్ముడు కాపలా ఉన్న దీపం అని ఆమెకి కొండంత నమ్మకం.

మూడో ఏడు దసరా వచ్చింది. ఆ మిల్లులో ఆయుధపూజ అంటే మాటలు కాదు. ముందు రోజు నుంచే యంత్రాలన్నీ ఆపి, మరలు విప్పి, మరక అనేది లేకుండా తోమి కడిగేవారు. తొక్క తీసే యంత్రం, తురుము యంత్రం, పిండి జల్లెడలు అన్నీ అద్దాల్లా మెరవాలి. పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. ఎవరి యంత్రం ఎంత మెరిసిందో చూసి వరదరాజులు మెచ్చుకునేవాడు.

నూకరాజు తన తొట్ల మూతలు తీశాడు. బ్రష్షులు పైకి లాగి చూశాడు. వేలెడు మందాన నల్లటి జిగట పట్టి ఉన్నాయి. అందరి యంత్రాలూ మెరుస్తుంటే తన బ్రష్షులు ఇలా ఉంటే ఎంత నామోషీ అనుకున్నాడు. ఈ జిగట గురించి ఇంజినీరమ్మ ఏదో చెప్పినట్టు లీలగా గుర్తొచ్చింది. ముట్టుకోమందో వద్దందో గుర్తు రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఇన్నాళ్ళూ తెలియకుండానే తల ఊపాడని తెలిసిపోతుంది. అడగలేదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళలో ఆరు తొట్ల బ్రష్షుల్నీ ముంచి, కొబ్బరి పీచు పెట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాడు. తొట్లు కూడా కడిగేశాడు. బ్రష్షులు కొత్తవాటిలా నల్లగా నిగనిగలాడాయి. కుంకుమ బొట్లు పెట్టి, దీపం స్తంభానికి లావుపాటి బంతిపూల దండ చుట్టాడు. వరదరాజులు చూసి భుజం తట్టాడు కూడా.

బ్రష్షులు పైకి తీసినప్పుడే దీపం ఆరిపోయింది. మళ్ళీ దించితే వెలుగుతుందని నూకరాజు అనుకున్నాడు. పూజ అయింది, ప్రసాదాలు అయ్యాయి, వెలగలేదు. మర్నాడు మిల్లుకి సెలవు. పొద్దున్నే వచ్చి తీగెలన్నీ బిగించాడు, వెలగలేదు. అప్పుడు ఒక తొట్టి మూత తీసి లోపలికి ముక్కు పెట్టాడు. ఎప్పుడూ వచ్చే బురద వాసన రాలేదు. బ్లీచింగ్ పౌడరు ఘాటు గుప్పుమంది. ఆ ఘాటులో హిమబిందు మాట మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఈ జిగటే వాటి ఇల్లు. దీన్ని ముట్టుకోవద్దు.

 నూకరాజు తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. ఎదురుగా గోడ మీద ఫోన్ నంబరు కనిపిస్తోంది. జేబులో ఫోన్ ఉంది. తూము తలుపు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. తూము మూస్తే పూట తిరక్కుండా తొట్లు పొంగుతాయి, మిల్లు ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు. మిల్లులో పనిచేసే ముప్పై మంది ముందు నిలబడి, పూజ పేరు చెప్పి పురుగుల్ని నేనే చంపాను, నాకు తెలియలేదు అని చెప్పాలి.  పురుగులే కదా, నీళ్ళు పారితే అవే మళ్ళీ పుడతాయని తనకి తాను చెప్పుకున్నాడు. పుట్టేదాకా ఎవరికీ తెలియకుండా ఉంటే చాలనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి టార్చిలైటు బ్యాటరీలు మూడు తెచ్చాడు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్తంభానికి కట్టి, తొట్ల తీగె తీసేసి వీటి తీగె దీపానికి తగిలించాడు. డబ్బా కనిపించకుండా బంతిపూల దండ దాని మీదికి లాగాడు. దీపం వెలిగింది. ఎంత బాగా వెలిగిందంటే, అంత వెలుగు అది పుట్టినప్పటినుంచీ ఎప్పుడూ వెలగలేదు.

మూడోనాడు మిల్లు మొదలైంది. దుంపలు కడిగిన నీళ్ళు తొట్లలోకి వచ్చి, ఏమీ కాకుండానే తూములోంచి కుంటలోకి దిగిపోసాగాయి. నీళ్ళు పడుతున్న చప్పుడు నూకరాజుకి రోజూ వినే చప్పుడే. ఆ రోజు మాత్రం వినలేక చెవుల చుట్టూ తువ్వాలు చుట్టుకున్నాడు.

దేవుడమ్మ గేదెల్ని తోలుకొచ్చింది. దీపం చూసి ముచ్చటపడింది.

“ఏరా తమ్ముడూ, పూజ చేస్తే పురుగులకి కూడా హుషారొచ్చిందా? ఇంత వెలుగు ఎప్పుడూ చూళ్ళేదు,” అంది.

నూకరాజు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గేదెలు కుంటలోకి దిగుతుంటే కళ్ళు మూసుకున్నాడు. అవి తాగి, ఒళ్ళు తడుపుకుని, ఎప్పటిలాగే బయటికి వచ్చాయి. ఏమీ కాలేదు. కుంట పెద్దది, కొద్దిపాటి విషం అందులో కలిసిపోయిందని అతనికి తెలియదు. ఏమీ కాదన్నమాట అని ఊపిరి పీల్చుకున్నాడు. మధ్యాహ్నం హిమబిందు ఫోన్ చేసి, పండగ సెలవు తర్వాత దీపం ఎలా ఉందని అడిగింది. బ్రహ్మాండంగా వెలుగుతోందని చెప్పాడు. బ్రహ్మాండంగానా అని ఆమె మళ్ళీ అడిగింది. తర్వాత, వీలు చూసుకుని వచ్చి వెళ్తానని మాత్రం అని ఫోన్ పెట్టేసింది. నూకరాజుకి మళ్ళీ భయం పట్టుకుంది. ఆమె ఎందుకు వస్తానంది, ఎప్పుడు వస్తుంది అని అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచించాడు.

నాలుగో రోజు కుంట నీళ్ళు పులుపు వాసన కొట్టాయి. దేవుడమ్మ ముక్కు చిట్లించి అడిగింది. సెలవులకి నీళ్ళు నిలవున్నాయి కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందని నూకరాజు చెప్పాడు. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది అంత కష్టం కాదు. బంతిపూలు వాడిపోయాయి, ఆ దండ తీసెయ్యరా అని కూడా ఆమె అంది. పూజ దండ తొమ్మిది రోజులు ఉంచాలని, అప్పటికప్పుడు ఒక ఆచారం కల్పించి చెప్పాడు.

అయిదో రోజు తెల్లారుతూనే కుంట దగ్గరికి వచ్చినవాడు గట్టు మీదే ఆగిపోయాడు. నీటి అంచున చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. పదీ ఇరవై కాదు. తెల్లటి పొట్టలు గట్టు పొడుగునా కనిపిస్తున్నాయి.  ఇప్పుడైనా అరవాలి, ఊరంతా వినేలా అరవాలి అని లోపల ఎవరో అంటున్నట్టే ఉంది. అరవలేదు. దుంపల బుట్ట తెచ్చి, మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఒక్కొక్క చేపనీ ఏరి, గోడ వెనక గొయ్యి తీసి పూడ్చాడు. తొందరలో బుట్ట రెండుసార్లు జారిపోయింది. మూడేళ్ళ క్రితం గేటు ముందు వరసగా పడుకున్న మేకలు కళ్ళముందు నుంచి కదలడం లేదు.

దేవుడమ్మ వచ్చే వేళ అయింది. నూకరాజు ఎదురు వెళ్ళాడు.

“అక్కా, ఇవాళ కాలవకి తోలుకెళ్ళు,” అన్నాడు.

“కాలవ రెండు మైళ్ళురా. చుక్కమ్మకి నెలలు నిండుతున్నాయి, అంత దూరం నడుస్తుందా? ఏం, ఇక్కడేమైంది?”

“ఏం కాలేదు. ఊరికే అన్నాను.”

దేవుడమ్మ అతని మొహం చూసింది, దీపం చూసింది. దీపం ధగధగ వెలుగుతోంది.

“తడి గుడ్డల్తో ఉన్నావేంట్రా, చలిజ్వరం తెచ్చుకుంటావు. ఇంటికెళ్ళి కాసేపు పడుకో,” అంది.

అలా అని గేదెల్ని కుంటలోకి దింపింది. ఒక్క మాట చెప్తే ఆగేవి. ఆ మాట నూకరాజు చెప్పలేదు. చుక్కమ్మ దాహం మీద ఉందేమో, తూము నీళ్ళు పడే చోటికే వెళ్ళి కడుపునిండా తాగింది.

గట్టెక్కి పది అడుగులు వేసిందో లేదో దాని కాళ్ళు తడబడ్డాయి. నోటివెంట నురగ వచ్చింది. ఎగశ్వాస పట్టి ముందుకాళ్ళ మీద కూలిపోయింది. వెనకాలే కొమ్ముల గేదె తూలింది. పడ్డ కూడా మెడ వేలాడేసి నిలబడిపోయింది. దేవుడమ్మ కేకకి మిల్లులోవాళ్ళందరూ గోడ దూకి వచ్చారు. ఎవరో పక్క వీధిలో సూదులు వేస్తున్న పశువుల డాక్టరు కోసం పరుగెత్తారు. అదృష్టం బాగుండి ఆయన వెంటనే దొరికాడు.

డాక్టరు మోటారు సైకిలు దిగుతూనే, ఏం తిన్నాయి, ఏం తాగాయి అని అడిగాడు. ఎండుగడ్డి, తవుడు తప్ప ఏమీ పెట్టలేదని దేవుడమ్మ చెప్పింది. నీళ్ళ సంగతేమిటని ఆయన కుంట కేసి చూశాడు.

“నీళ్ళకేం లేదు బాబూ. అదిగో దీపం వెలుగుతోంది. దాన్ని చూసుకునేది మా తమ్ముడే,” అంది దేవుడమ్మ.

ఆ మాట నూకరాజుకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. డాక్టరు దీపం చూసి తల ఊపాడు. ఊరంతా నమ్మిన దీపం, ఆయనా నమ్మాడు. అయితే పురుగుమందు కొట్టిన చేలో మేసి ఉంటాయి అన్నాడు. దానికి తగ్గ సూది తీసి చుక్కమ్మకి వేశాడు. ఇది సరైన మందైతే కాసేపట్లో తెలుస్తుందని, విషం వేరేదైతే మాత్రం ఈ సూది పనిచెయ్యదని చెప్పాడు. అందరూ చుట్టూ నిలబడ్డారు. చుక్కమ్మ కడుపు ఎగిరెగిరి పడుతోంది. కడుపులో దూడ ఉంది. దేవుడమ్మ దాని తల ఒడిలో పెట్టుకుని, నుదుటి చుక్క మీద చెయ్యి వేసి, ఏవో మాటలు గొణుగుతోంది.

నూకరాజు అందరి వెనక నిలబడి ఉన్నాడు. చెప్తే చంపేస్తారు అని ఒక భయం, చెప్పకపోతే చచ్చిపోతాయి అని ఒక భయం. రెండు భయాల మధ్యా అక్కడే నిలబడిపోయాడు. విషానికి ఆ కాస్త సేపు చాలింది. చుక్కమ్మ ఒకసారి కాళ్ళు బిగదన్ని ఆగిపోయింది.

దేవుడమ్మ ఇంకా దాని తల ఒడిలోనే పెట్టుకుని ఉంది. డాక్టరు రెండో గేదె దగ్గరికి వెళ్ళి, అదే మందు మళ్ళీ సూదిలోకి ఎక్కించాడు. అప్పుడు నూకరాజు జనాన్ని తోసుకుని ముందుకి వచ్చాడు. స్తంభం దగ్గరికి పరుగెత్తి, వాడిపోయిన బంతిపూల దండని రెండు చేతులా పట్టుకుని లాగేశాడు. ప్లాస్టిక్ డబ్బా ఊడి కిందపడింది. బ్యాటరీలు మూడూ గేదెల కాళ్ళ దగ్గరికి దొర్లాయి. దీపం ఆరిపోయింది.

“ఆ సూది వద్దు డాక్టరు గారూ. పురుగుమందు కాదు, దుంపల నీళ్ళు. అయిదు రోజులై దీపం లేదు. పురుగుల్ని నేనే చంపేశాను. తప్పు నాదే,” అన్నాడు.

 డాక్టరు ఒక్క క్షణం అతన్ని చూసి, చేతిలో సూది పక్కన పడేసి, పెట్టెలోంచి వేరే మందు తీశాడు. మిగిలిన రెండింటికీ నరంలోకి ఎక్కించాడు. నూకరాజు తూము మూశాడు. మిల్లు ఆగిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొమ్ముల గేదె తల ఎత్తింది. కాసేపటికి పడ్డ లేచి నిలబడింది. పావుగంట ముందు చెప్పి ఉంటే మూడూ దక్కేవని డాక్టరు వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఆయన తిట్టాలని అనలేదు, ఉన్నమాట అన్నాడు. నూకరాజు ఆ మాట బతికినన్నాళ్ళూ మోశాడు.

దేవుడమ్మ కొట్టలేదు, శపించలేదు. తమ్ముడి దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది.

“దీపం వెలుగుతోందనే కదరా నేను తోలాను?”

నూకరాజు అవునని తల ఊపాడు. 

హిమబిందు ఆ సాయంత్రమే వచ్చింది. మిణుగురంతే వెలగాల్సిన దీపం బ్రహ్మాండంగా వెలుగుతోందన్న రోజునే తనకి అనుమానం వచ్చిందని, వెంటనే బయల్దేరకపోవడం తన పొరపాటని అందరి ముందూ చెప్పింది. అంత చదువుకున్న మనిషి పొరపాటని అంత తేలిగ్గా అనెయ్యడం చూసి నూకరాజు ఆశ్చర్యపోయాడు. ఆ మాట అన్నందుకు ఆమె పరువు పోలేదు సరికదా, చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె చెప్పేది ఇంకా శ్రద్ధగా విన్నారు. వరదరాజులు నూకరాజుని ఏమని తిట్టాడో రాయడానికి వీలుకాదు. చుక్కమ్మకి బదులు పాడిగేదెని తెచ్చి దేవుడమ్మ కొట్టంలో కట్టించాడు. కుంట నీళ్ళు తోడించాడు. నూకరాజుని పనిలోంచి తీసెయ్యబోతే దేవుడమ్మే అడ్డుపడింది. ఈ తొట్టి ఎలా చస్తుందో తెలిసినవాడు వీడొక్కడే, వీణ్ణే ఉంచండి అంది.

వేరే ఊరి తొట్ల నుంచి డ్రమ్ముల్లో జిగట తెచ్చి పోశారు. నూకరాజు చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు. నెల రోజుల తర్వాత ఒక పొద్దున దీపం రెప్ప వేసినట్టు మినుకుమంది. మిల్లు మళ్ళీ మొదలైంది.

అప్పటినుంచి దేవుడమ్మ ఒక కొత్త అలవాటు చేసుకుంది. గేదెల్ని గోడ అవతలే ఆపేది. దీపం వైపు చూసేది కాదు. “తమ్ముడూ, దీపం నిజమేనా?” అని కేకేసేది. నూకరాజు తొట్ల మూతలు తీసి, వాసన చూసి, తీగెలు తడిమి, “నిజమే అక్కా,” అని చెప్తేగాని గేదెలు కదిలేవి కావు. ఆ ప్రశ్న రోజూ వస్తుందని తెలిసి కూడా, రోజూ అతని గుండె ఒకసారి ఆగినంత పని అయ్యేది. ఎన్ని నెలలైనా ఆమె మానలేదు. అక్క మాట్లాడుతోంది, అన్నం పెడుతోంది, నమ్మకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అడిగే హక్కు తనకి లేదని అతనికీ తెలుసు.

మాఘమాసంలో ఒక పొద్దున నూకరాజు వచ్చేసరికి దీపం మసకగా ఉంది. ఆరలేదు, వెలుగు సగానికి పడిపోయింది. మూతలు తీసి చూశాడు. వాసన మామూలుగానే ఉంది, జిగట మామూలుగానే ఉంది. తనేమీ చెయ్యలేదు. కాసేపు ఆగితే సర్దుకుంటుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం అతనికి బాగా పరిచయమైనదే.  పరుగెత్తుకెళ్ళి తూము మూశాడు, మిల్లు ఆపమని కేకలు పెట్టాడు, గోడెక్కి నిలబడ్డాడు. దేవుడమ్మ గేదెలతో మలుపు తిరుగుతోంది.

“అక్కా, తోలకు. దీపం తగ్గింది,” అని అరిచాడు.

“ఎందుకు తగ్గిందిరా?”

“నాకు తెలియదు.”

ముప్పై మంది విన్నారు. ఆకాశం విరిగి మీద పడలేదు. నూకరాజు గోడ మీద నిలబడే హిమబిందుకి ఫోన్ చేసి, ఆ మాటే మళ్ళీ చెప్పాడు. ఆమె వచ్చి చూస్తే ఒక తీగె తుప్పుపట్టి సగం తెగి ఉంది. నీళ్ళు మంచివే. పూట పని ఆగిపోయింది, అంతే. వరదరాజులు ఒక్క మాట అనలేదు. దేవుడమ్మ ఆ రోజు గేదెల్ని రెండు మైళ్ళు నడిపించి కాలవకి తోలుకెళ్ళింది.

మర్నాడు పొద్దున నూకరాజు మూతలు తీసి, వాసన చూసి, తీగెలు తడిమి, అక్క కేక కోసం గోడ ఇవతల ఎదురుచూశాడు. కేక వినిపించలేదు. నీళ్ళ చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే గేదెలు అప్పటికే కుంటలో మెడలోతున ఉన్నాయి, దేవుడమ్మ గట్టు మీద కూర్చుని వేపపుల్ల నములుతోంది.

తప్పు దాచినంత మాత్రాన మన భయం పోదు, మనల్ని నమ్మినవాళ్ళ ప్రాణం మీదికి వెళ్తుంది. అందుకే తెలియనిది తెలియదని, చేసిన తప్పు చేశానని జరిగిన వెంటనే చెప్పెయ్యాలి.